పదమూడో గొట్టం

మా మేడం ఎవరినైనా ముందు వాసన చూసేవారు, ఆ తరవాతే పలకరించేవారు. చిన్నా పెద్దా తేడా లేదు. డైరెక్టరు గారైనా, నీళ్ల డబ్బాలు మోసే మనిషైనా గాజు ఇంటి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆవిడ కళ్లు సగం మూసుకుని, మెడ కాస్త ముందుకు చాచి, రెండుసార్లు ముక్కు ఎగబీల్చేవారు. తీర్పు వెంటనే వచ్చేది. "లోపలికి రండి" అనో, "అవతలికి వెళ్లి కడుక్కుని రండి" అనో. దాని మీద అప్పీలు లేదు.

ముక్కుసూటి మనుషులు లోకంలో చాలామంది ఉంటారు. అక్షరాలా ముక్కు చెప్పినట్టు నడిచిన మనిషిని మాత్రం నేను ఆవిడనొక్కరినే చూశాను. ఆఫీసంతా చాటున ముక్కు మేడం అనేవాళ్లం. ఆ సంగతి ఆవిడకు తెలుసు. "ఉన్నదే అన్నారు, లేనిది అనలేదు కదా" అని ఊరుకునేవారు.

ఆవిడ పని అలాంటిది. మా గాజు ఇంట్లో పన్నెండు పారదర్శకమైన పెట్టెలుండేవి. పదకొండింటిలో ఒక్కో మొక్క, పన్నెండోది ఖాళీ. ప్రతి పెట్టె నుంచీ ఒక సన్నటి గొట్టం పక్కగదిలోని యంత్రానికి వెళ్లేది. మొక్కలు కూడా మనలాగే గాలి పీలుస్తాయి, వదులుతాయి. ఆ వదిలిన గాలిలో అందరికీ తెలిసిన వాయువులే కాక, పేరు నోరు తిరగని చిల్లర వాయువులు బోలెడుంటాయి. ఎండ ముదిరితే ఒకటి, పురుగు కొరికితే ఒకటి, కొత్త చిగురు వేస్తే ఒకటి. వంద కోట్ల వంతుల గాలిలో ఒక్క వంతున్నా మా యంత్రం పట్టేసి, బరువు తూచి, ఆ బరువునే నంబరుగా పెట్టి తెర మీద గీత గీసేది. ఏ మొక్క ఏ పూట ఎంత తీసుకుంది, ఎంత వదిలింది, ఎందుకు వదిలింది అన్నది ఆ గీతల్లో చదువుకోవాలి. మరి ఖాళీ పెట్టె ఎందుకంటే, ఊరికే గదిలో ఉన్న గాలి సంగతి తెలిస్తేనే కదా అందులో మొక్క చేసిన పని ఎంతో తేలేది.

అలాంటి యంత్రం పక్కన ఎవరైనా నారింజ పండు వలిచారంటే, అడవి మొత్తం తగలబడుతున్నట్టు గీత పైకి లేచేది. అందుకే ఆ కాపలా.

నేను యంత్రాలు బాగుచేసే ఉద్యోగంలో చేరిన రోజు, పెట్టిన నమస్కారం ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"నారింజ" అన్నారు మేడం.

"ఏమిటి మేడం?"

"నారింజ తిన్నావు. గంటన్నర అయింది. తొక్క కుడి బొటనవేలితో వలిచావు, గోటి సందులో ఇంకా ఉంది."

మూడుసార్లు కడుక్కున్నాను. మూడుసార్లూ తప్పాను. నాలుగోసారి గోరు కత్తిరించుకుని వస్తే పాసు చేశారు. ఆ రోజు నుంచి నారింజ మానేశాను. ఇప్పటికీ పళ్ల దుకాణం ముందు నుంచి వెళ్లేటప్పుడు బాకీ ఉన్నవాడిలా తల దించుకునే నడుస్తాను.

ఒకసారి పైనుంచి తనిఖీకి ఒక పెద్దమనిషి వచ్చాడు. చొక్కా నిండా సెంటు. మేడం గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆయుధాలేమైనా ఉన్నాయని అనుమానమా?" అని ఆయన నవ్వాడు.

"ఆయుధమైతే పక్కన పెట్టించేదాన్ని. ఇది మీ ఒళ్లంతా ఉంది."

వెనక డైరెక్టరు గారికి చెమటలు పట్టాయి. పావుగంట ఆయన్ని గాలికి నిలబెట్టి, పైనుంచి కిందిదాకా మూసే పనిబట్టలు తొడిగించి లోపలికి పంపారు. అవి తోటపని వాళ్ల బట్టలు. మా తోటపని చూసే అమ్మ వెనక నుంచి ఆయన్ని కొత్తగా చేరిన మనిషి అనుకుంది. "చూస్తూ నిలబడితే ఎలా నాయనా, ఆ కుండీ ఇటు పట్టు" అంది. ఆయన పట్టాడు. ఒకటి కాదు, ఆరు కుండీలు మోశాడు. పోయేముందు, "ఇన్ని ఆఫీసులు చూశాను కానీ నాకు పని చెప్పింది మీ ఆఫీసొక్కటే" అని రాసి సంతకం పెట్టి వెళ్లాడు. అది పొగడ్తో కాదో డైరెక్టరు గారు ఈరోజుకీ తేల్చుకోలేదు.

మేడం భర్త లెక్కల మాస్టారు. బహు నెమ్మది మనిషి. ఒకరోజు బస్సు స్టాపులో కలిసి తన బాధ చెప్పుకున్నారు.

"ముప్పై ఏళ్ల కాపురం బాబూ. ఒక్క అబద్ధం ఆడే యోగం నాకు పట్టలేదు. డాక్టరు నూనె సరుకు తినొద్దన్నాడు. ఎప్పుడైనా ప్రాణం లాగితే బయట తిని, చేతులు కడుక్కుని, నాలుగు వీధులు చుట్టి ఇంటికెళ్తాను. తలుపు తీస్తూనే 'ఎన్ని?' అంటుంది. 'ఏమిటి' అని అడగడం కూడా ఉండదు, సూటిగా 'ఎన్ని' అనే."

"మీరేం చెప్తారు?"

"లెక్కల మాస్టారిని కదా. సరైన జవాబే చెప్తాను."

ఇంత మేడానికీ ఎదురు నిలిచే మనిషి మా ఆఫీసులో ఒకాయన ఉండేవారు. ఆయన సూపరింటెండెంటు. నిటారుగా నిలబడేవారు, నిటారుగా కూర్చునేవారు, నిబంధనల పుస్తకం మొత్తం కంఠతా పట్టారు. ఆయన్ని రూళ్లకర్ర అనేవాళ్లం. రోజూ సరిగ్గా పది గంటలకు గాజు ఇంటికి వచ్చి, గుమ్మం లోపల బల్ల మీద ఉండే హాజరు రిజిస్టరు తనిఖీ చేసి సంతకం పెట్టేవారు. ఆ బల్ల పక్కనే మా ఖాళీ పెట్టె.

ఆయనకూ మేడానికీ ఉప్పూ నిప్పూ. మొదటి గొడవ వాసన దగ్గరే మొదలైంది.

"ఉద్యోగులను వాసన చూడవచ్చని ఏ నిబంధనలో ఉంది మేడం గారూ?" అన్నారాయన.

"చూడకూడదని ఎందులో ఉందండీ?" అన్నారీవిడ.

ఆయన మూడు రోజులు పుస్తకాలు తిరగేశారు. ఎందులోనూ లేదు. ఆ ఓటమిని ఆయన మరవలేదు. తలనూనె మానేసి, ఎండుగడ్డిలా లేచిన జుట్టుతో రోజూ వచ్చి, వాసన చూపించుకుని, లోపలికి వచ్చాక ఏదో ఒక తప్పు పట్టి వెళ్లేవారు.

ఆ ఏడు వానలు వెలిసిన కొత్తల్లో ఒక విచిత్రం మొదలైంది. మా ఖాళీ పెట్టెలో యాభై తొమ్మిదో నంబరు గీత లేవసాగింది. యాభై తొమ్మిది అంటే ఎసిటోన్. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో ఉండేది అదే. ఖాళీ పెట్టెలో మొక్క లేదు, మట్టి లేదు, ఆకు ముక్క కూడా లేదు. అయినా మధ్యలో ఓ రెండు రోజులు తప్ప రోజూ పదింటికి గీత కొండలా లేచి, పదింబావుకు దిగిపోయేది. ఎవరొచ్చినా కొంచెం కదలడం మామూలే. ఇంత ఎత్తు ఎన్నడూ చూడలేదు.

నేను గొట్టాలు మార్చాను. బిగింపులన్నీ విప్పి మళ్లీ బిగించాను. గోళ్ల రంగు వేసుకునే టైపిస్టు గారిని అనుమానించి, ఆవిడ చేత చివాట్లు తిన్నాను. ఎనిమిది రోజులు తలకిందులుగా తపస్సు చేసినా లీకు దొరకలేదు. తొమ్మిదో రోజు మేడం వచ్చి, "ఇంక వెతక్కు బాబూ. పెట్టెలోకి గది గాలి వచ్చే మూతిని అవతలి కిటికీ వైపు జరిపెయ్యి" అన్నారు. జరిపాను. గీత చదునైంది. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ మర్నాటి నుంచి మేడం ప్రవర్తన మారింది.

అంతవరకూ రూళ్లకర్ర గారిని గుమ్మంలో వాసన చూసి పంపగానే ఆవిడ లోపలి గదిలోకి తప్పుకునేవారు. ఇప్పుడు తొమ్మిదీ యాభై అయిదుకే రిజిస్టరు బల్ల దగ్గర కాచుక్కూర్చోవడం, ఆయన రాగానే కయ్యానికి కాలు దువ్వడం. మొదటిరోజు గోడ గడియారం రెండు నిమిషాలు ముందుందన్నారు. రెండోరోజు ఆయన కుర్చీకి మూడు కాళ్లే సమానమన్నారు. మూడోరోజు ఆయన సంతకం చదవడానికి రావడం లేదన్నారు. ఆయనకు ఇంతకన్నా పండగేముంది. గుక్క తిప్పుకోకుండా జవాబులు చెప్పేవారు.

"ఇంకాస్త గట్టిగా చెప్పండి, వినపడ్డం లేదు" అనేవారు మేడం. "ఇలా, రిజిస్టరు వైపు తిరిగి చెప్పండి."

తోటపని అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మేడానికి ఏదో అయింది బాబూ. ఇవాళ ఆ సారుని పట్టుకుని, సెలవుల నిబంధన మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పగలరా అని పందెం కాసింది."

"చెప్పారా?"

"చెప్పాడు. చెప్పి కూలబడ్డాడు. రెండు సీసాల నీళ్లు తాగాడు."

నీళ్ల సంగతి నేనూ గమనించాను. అంతకుముందు ఆయన చేతిలో ఫైలు తప్ప ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు రెండు చేతుల్లో రెండు సీసాలు, మధ్యాహ్నానికి రెండూ ఖాళీ. ఒకరోజు మేడం ఆయన్ని ఎగాదిగా చూసి, "ప్యాంటు ఎవరిదండీ?" అని అడిగారు.

"నాదే. పొద్దున్నే నడుస్తున్నాను. బెల్టుకు కొత్తగా మూడు బెజ్జాలు పొడిపించాను" అన్నారాయన గర్వంగా.

"తిండి తగ్గించారా?"

"పెంచాను. అయినా తగ్గుతున్నాను. క్రమశిక్షణ అంటే అది."

మేడం గబగబా లోపలికి వెళ్లి నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నారు. మాటకు మాట అప్పగించే మనిషి అలా వెళ్లిపోయేసరికి నాకు వింతగా అనిపించింది.

రెండు రోజుల తరవాత రిజిస్టరు బల్ల వెనక దుమ్ము తుడుస్తుంటే నా వేలికి ఒక గొట్టం తగిలింది. మావి పన్నెండు గొట్టాలే. ఒక్కొక్కదాన్నీ నా చేతులతో బిగించినవాణ్ని, నాకు తెలియని పదమూడోది ఎక్కడిది? దాని మూతి సరిగ్గా రూళ్లకర్ర గారి కుర్చీ వైపు తిరిగి ఉంది. దాన్ని పట్టుకుని పాకుతూ వెళ్తే యంత్రం దగ్గర తేలాను. పక్కన మేడం నోటు పుస్తకం తెరిచి ఉంది. పన్నెండు పెట్టెల వివరాల కింద పదమూడో వరస ఉంది. అందులో ఇలా రాసి ఉంది: "ర.క. నీళ్లు విపరీతంగా లాగుతోంది. ఎండుతోంది. యాభై తొమ్మిది వారంలో రెట్టింపు."

వెనక నుంచి మేడం గొంతు వినిపించింది. "చదవడం అయిందా?"

"మేడం, మీరు సూపరింటెండెంటు గారి ఊపిరి తూస్తున్నారా?"

"తూస్తున్నా. ఖాళీ పెట్టె గోల అప్పుడే అనుమానం వచ్చింది. ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు చూడు, ఆ రెండు రోజులూ గీత లేవలేదు. నా ముక్కుకి కూడా తగులుతోంది, మాగిన పండు వాసన. షుగరు బాగా ముదిరితే ఒంట్లో కొవ్వు కరిగిపోయి ఇది ఊపిరిలోకి వస్తుంది. పస్తులుండే వాళ్లకీ వస్తుందనుకో. ఆయన పస్తులేమీ ఉండట్లేదు కదా."

"మరి ఈ రోజువారీ గొడవలు?"

"మామూలుగా కూర్చున్న మనిషి ఎంత గాలి వదుల్తాడు? కోపం తెప్పిస్తే గుండెల నిండా వదుల్తాడు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ ముఖం చూసి ఆపుకున్నాను. అన్నేళ్లలో ఆవిడ ముఖంలో భయం చూడడం అదే మొదలు.

"ఆయనకు చెప్పకూడదా మేడం?"

"చెప్పకుండా ఉంటానా? డాక్టరు దగ్గరికి వెళ్లండి అన్నాను. నా ఆరోగ్యం గురించి మాట్లాడే అధికారం మీకు ఏ నిబంధన ఇచ్చింది అన్నాడు. ఇంటికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఏడ్చింది. ఇరవై ఏళ్లుగా ఆసుపత్రి గడప తొక్కలేదట, సూదంటే హడలట." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ లెక్కన వారం పది రోజుల్లో ఎక్కడో పడిపోతాడు. నా మాట వినడు. పెళ్లాం మాట వినడు. కాగితం మాట ఒక్కటే వింటాడు. కూర్చో, టైపు చెయ్యి."

ఆవిడ చెప్తూ పోయారు, నేను కొడుతూ పోయాను. గాజు ఇంట్లోకి వచ్చే సిబ్బంది ఊపిరి వల్ల ప్రయోగాల లెక్కలు చెడుతున్నందున, ఇకపై అందరూ మా ఆవరణలోని ఆరోగ్య గదిలో వేలి చుక్కతో చక్కెర పరీక్ష చేయించుకుని, నర్సు గారి సంతకంతో పత్రం తేవలెను. పత్రం లేనివారు రిజిస్టరును తాకరాదు. హోదాతో నిమిత్తం లేదు.

"మేడం, పెట్టె మూతి జరిపేశాం కదా. ఇంక లెక్కలు చెడట్లేదు."

"నువ్వు యంత్రాలు బాగుచెయ్యడానికొచ్చావా, వాక్యాలు బాగుచెయ్యడానికొచ్చావా?"

డైరెక్టరు గారు కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఇదేమిటి మేడం?" అన్నారు. "సైన్సు" అన్నారీవిడ. ఆయన సంతకం పెట్టేశారు. కుండీల తనిఖీ తరవాత ఆయన మేడంతో వాదించడం మానుకున్నారు.

ఆ సర్క్యులర్ చదువుతున్నప్పుడు రూళ్లకర్ర గారి ముఖం చూడాలి. చాలాకాలానికి కబురందిన కన్నతండ్రిలా ఉంది. "ఇన్నాళ్లకు మేడం గారు పద్ధతిలోకి వచ్చారు" అన్నారు. మర్నాడు పొద్దున్నే పద్నాలుగు మంది పేర్లతో జాబితా రాసుకుని, ఆరోగ్య గది ముందు మమ్మల్ని వరసలో నిలబెట్టారు. టైపిస్టు గారు సూది చూసి తల తిరుగుతోందంటే, "మూడో పేరా చదవండి, మినహాయింపు లేదు" అన్నారు. తోటపని అమ్మ మాత్రం ఉచితంగా వస్తోంది కదా అని రెండు వేళ్లూ చాపింది. అందరివీ బాగానే వచ్చాయి.

ఆఖరి పేరు ఆయనదే. సూది చూడగానే రూళ్లకర్ర వంగింది.

"నేను తనిఖీ అధికారిని" అన్నారు నెమ్మదిగా.

"హోదాతో నిమిత్తం లేదని ఉంది సార్" అన్నాన్నేను. నా ఉద్యోగ జీవితంలో నేను ఆయనకు నిబంధన చెప్పింది అదే మొదటిసారి.

ఆయన కళ్లు మూసుకుని వేలు చాచారు. నర్సు గారు మీటరు చూసి ముఖం చిట్లించారు. పాడైందేమోనని ఇంకోటి తెచ్చి, ఇంకో వేలు పొడిచారు. అదీ అంకె చూపించలేదు, అక్షరాలే చూపించింది.

"హై అని వచ్చిందండీ" అన్నారు నర్సు.

"హై అంటే పైస్థాయే కదా. సంతకం పెట్టండి."

"మీటరు లెక్కపెట్టలేనంత అని అర్థం. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి."

"సెలవు చీటీ ఇవ్వకుండా వెళ్లడానికి వీల్లేదు."

అప్పటికే గుమ్మంలో మేడం ఉన్నారు. ఎప్పుడొచ్చారో మేం చూడలేదు. "పత్రం లేనివాళ్లు రిజిస్టరు ముట్టుకోకూడదండీ" అన్నారు. "రేపటి సంతకం పెట్టాలంటే ఆసుపత్రి నుంచే పత్రం తెచ్చుకోవాలి. బండి బయటుంది. సెలవు చీటీ నేను రాసి పెట్టాను, మీరు సంతకం చెయ్యండి చాలు."

ఆయన చీటీ చదివి, ఒక చోట కామా దిద్ది, సంతకం పెట్టి బండెక్కారు.

ఆసుపత్రిలో ఆరు రోజులుంచారు. ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే స్పృహ లేకుండా తెచ్చేవాళ్లని డాక్టరు చెప్పాడట. ఏడోరోజు ఆయన భార్య మా గాజు ఇంటికి వచ్చింది. గుమ్మంలో మేడం అలవాటుగా ముక్కు ఎగబీల్చేసరికి ఆవిడ బెదిరిపోయింది.

"అక్కయ్యగారూ, మీ మేలు..." అని మొదలుపెట్టింది.

"నేనేం చేశానమ్మా, రూలు చేసింది" అని తుంచేశారు మేడం. "పూటపూటా సూది వేయించుకుంటున్నాడా?"

"గడియారం చూసుకుని. డాక్టరు గారు కాగితం మీద రాసిచ్చారు కదా."

రూళ్లకర్ర గారు తిరిగి పనిలోకి వచ్చాక నెల రోజులకు నన్ను తన గదికి పిలిచారు. బుగ్గలు కాస్త నిండాయి, ప్యాంటు నిలుస్తోంది. బల్ల మీద మేము చేసిన సర్క్యులర్ ఉంది.

"ఇది మీరే టైపు చేశారా?"

"అవునండీ."

"ఈ నంబరు మీరే వేశారా?"

మేడం ఏదో ఒకటి వెయ్యమంటే నాకు తోచింది వేశాను. తల ఊపాను.

"ఈ నంబరు కుళాయిల మరమ్మతు సర్క్యులర్‌ది. తేదీ ఆదివారం. మూడో పేరాలో ఉదహరించిన నిబంధన ఏ పుస్తకంలోనూ లేదు. ఫైలు చేద్దామని తీస్తే ఇవన్నీ బయటపడ్డాయి. అనుమానం వచ్చి బల్ల వెనక చూశాను. ఒక గొట్టం నా కుర్చీ వైపు చూస్తోంది."

నా ఉద్యోగం ఆ గొట్టంలోంచే బయటికి పోతున్నట్టు అనిపించింది.

ఆయన సొరుగు తీసి పెద్ద పుస్తకం నా ముందు పెట్టారు. సర్క్యులర్ల రిజిస్టరు అది. అందులో ఒక ఖాళీ వరసలో, ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో మా సర్క్యులర్ ఎక్కించి ఉంది. వెనకటి తేదీ వేసి, సరైన నంబరిచ్చి, ఎదురుగా సంతకం కూడా పెట్టారు. కింద స్టాకు పుస్తకంలో 'గొట్టం, సన్నది, ఒకటి' అని ఇంకో పద్దు చేర్చారు.

"సార్, వెనకటి తేదీ వెయ్యకూడదు కదా" అన్నాను, ఏమనాలో తెలియక.

"కూడదు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఇదే మొదటి తప్పు." ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "రేపెవరైనా తనిఖీకి వచ్చి ఆవిడను అడిగితే? సైన్సులో దిట్టే కానీ, దొంగ కాగితం సృష్టించడం బొత్తిగా చేతకాదు ఆవిడకి."

"మేడంతో చెప్పమంటారా సార్, మీకు తెలిసిందని?"

"వద్దు, వద్దు. తెలిస్తే మొహమాటపడి నాతో పోట్లాడ్డం మానేస్తారు. ఇంట్లో అందరూ నన్ను గాజు బొమ్మలా చూస్తున్నారయ్యా. పోట్లాడే మనిషి ఆవిడొక్కరే మిగిలారు."

గడియారం పది కొట్టింది. ఆయన లేచి, చొక్కా లాగి సరిచేసుకుని, గాజు ఇంటివైపు నడిచారు. వెనకే నేనూ వెళ్లాను. గుమ్మం దాటకముందే ఆయన గొంతెత్తారు.

"మేడం గారూ, చెప్పుల అర దారికి అడ్డంగా ఉంది. ఇది ఎనిమిదో నిబంధనకు విరుద్ధం."

యంత్రం గదిలోంచి ఆవిడ జవాబు వచ్చింది. "వస్తున్నా. ఆ కుర్చీలో కూర్చుని, మొదటి నుంచీ గట్టిగా చెప్పండి."